కువైట్ జీతం కోనసీమ ఇంటికి చేరే దారులు: దేనికి ఎన్ని మార్కులు

అమ్మ కువైట్‌లో ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) ఉండి, పిల్లలు రాజోలులోనో మలికిపురంలోనో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఇంట్లో, డబ్బు పంపే సేవను రేటు చూసి ఎంచుకుంటారు. ఇక్కడ రూపాయి తక్కువ, అక్కడ అర్ధరూపాయి ఎక్కువ అని. రేటు తేడా ఎంతో ముందు చూద్దాం. లెక్క కోసం నెలకు 120 దినార్లు పంపుతోందనుకోండి. ఒకచోట దినారుకు 280 రూపాయలు, ఇంకోచోట 278 రూపాయల 50 పైసలు. మొదటిచోట 33,600, రెండోచోట 33,420. తేడా 180 రూపాయలు. అదే డబ్బును రెండు విడతలుగా పంపితే రెండోసారి కట్టే ఛార్జీ, దినారున్నర అనుకుంటే, 420 రూపాయలు. అంటే రేటు కోసం వీధంతా తిరిగి మిగుల్చుకున్నదానికి రెట్టింపు ఆ రెండో రశీదులో పోతుంది. నెలకు ఒక్కసారే పంపండి, ఇక్కడికి వచ్చాక పంచుకోండి. రేటు సంగతి ఇంతటితో సరి.

ఈ సమీక్షకు పెట్టుకున్న కొలత వేరు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదింటికి గిన్నెలు సర్ది గదికి చేరేసరికి ఇక్కడ పన్నెండున్నర, పిల్లలు మంచి నిద్రలో ఉంటారు. అక్కడ పొద్దున్నే ఐదున్నరకు లేస్తే ఇక్కడ ఎనిమిది, స్కూలు బస్సు హారన్ కొడుతుంటుంది. మిగిలేది మధ్యాహ్నం భోజనాలయ్యాక మామా, బాబా (ఇంటి యజమానులు) నడుం వాల్చే వేళ. అక్కడ రెండున్నర, ఇక్కడ ఐదు. ఆ అరగంటే అమ్మకూ పిల్లలకూ ఉన్నది. అందులో ‘పడ్డాయా, ఎంత పడ్డాయి, ఎవరు తీశారు, అప్పుడే ఎలా అయిపోయాయి’ అన్నవి తేలేసరికి పిల్లాడి వంతుకు రెండు నిమిషాలు మిగులుతాయి. వాడు ‘బాగున్నావా అమ్మా’ అనేసి ఫోను అమ్మమ్మ చేతిలో పెట్టేస్తాడు. డబ్బు ఏ దారిలో వస్తే ఈ మాటలు ఫోనులో తగ్గుతాయో ఆ దారికి ఎక్కువ మార్కులు వేశాం.

నెంబరు చెప్పి నగదు తీసుకోవడం: 5కి 2

అక్కడ ఎక్స్‌ఛేంజీలో దినార్లు కట్టి, రశీదు మీది నెంబరు ఇంటికి చదివి చెబితే, ఇక్కడ కౌంటర్లో గుర్తింపు కార్డు చూసి నోట్లు ఇస్తారు. వెస్టర్న్ యూనియన్‌ది అయితే నెంబరు పది అంకెలు. తపాలా శాఖ 2001లోనే ఆ కంపెనీతో కలవడంతో పోస్టాఫీసుకు వెళ్ళి గల్ఫ్ డబ్బు తెచ్చుకోవడం చాలా ఊళ్ళలో పాత అలవాటు. బ్యాంకు ఖాతా అక్కర్లేదు, నిమిషాల్లో అందుతుంది. ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడినప్పుడు దీన్ని మించింది లేదు. ఆ ఒక్క పనికే రెండు మార్కులు.

దీనికి రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దులున్నాయి. ఒకసారికి 2,500 అమెరికన్ డాలర్లు మించకూడదు. ఒకే మనిషి పేరున జనవరి నుంచి డిసెంబరులోగా 30 సార్లకు మించి రాకూడదు. చేతికి నగదు ఇచ్చేది 50,000 రూపాయల వరకే. అది దాటితే చెక్కుగానో ఖాతాలో జమగానో తీసుకోవాలి. పైగా ఇది ఇంటి ఖర్చులకు పంపే డబ్బుకే. స్థలం కొనడానికి, పెట్టుబడికి, విదేశంలో ఉండేవాళ్ళు ఇక్కడ పెట్టుకునే ఎన్ఆర్ఈ ఖాతాలో వేసుకోవడానికి ఈ దారి పనికిరాదు. 30 సార్లు ఎవరికి అయిపోతాయిలే అనిపిస్తుంది గానీ, వీధిలో నాలుగు అక్షరాలు వచ్చిన కుర్రాడొకడి పేరు మీదే నాలుగిళ్ళ డబ్బు నెలనెలా తెప్పించుకుంటే ఆగస్టుకే అయిపోతాయి. ఆ తర్వాత కౌంటర్లో ‘రావండి’ అంటారు. ఎందుకు రావో ఆ కుర్రాడికీ తెలీదు, అక్కడున్న తల్లికీ తెలీదు. అనుమానం మాత్రం కుర్రాడి మీద పడుతుంది.

ఎక్కువసార్లు డబ్బు ఆగేది మాత్రం పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఎక్స్‌ఛేంజీ కంప్యూటర్లో మొదటి పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు వేరే గడి. గుమస్తా విన్నది విన్నట్టు కొట్టేస్తే తలకిందులవుతుంది. అమ్మమ్మ పేరు నాగలక్ష్మి అనుకోండి. ఇంగ్లీషులో ‘లక్ష్మి’ని ఆధార్‌లో ‘కె, ఎస్, హెచ్’లతో రాసి ఉంటుంది, అక్కడ గుమస్తా ‘ఎక్స్’తో కొడతాడు. ముందు ‘వెంకట’ ఉందని కూతురికి గుర్తుండదు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ అలా పిలవరు. ఇక పెళ్ళయిన ఆడవాళ్ళకు ఒక కార్డు మీద పుట్టింటివారి ఇంటిపేరు, ఇంకో కార్డు మీద మెట్టినింటివారిది. ఏ ఒక్కటి తేడా వచ్చినా కౌంటర్ అవతలివాడు తల అడ్డంగా ఊపుతాడు.

సరిచేయాల్సింది పంపినావిడే, పంపినచోటే, అక్కడి గుర్తింపు కార్డు సివిల్ ఐడీ చూపించి. ఆమెకు బయటికి వెళ్ళే వీలు దొరికేది మళ్ళీ శుక్రవారమే. ఈలోగా ఇక్కడ స్కూలు ఫీజు గడువు దాటుతుంది. ‘పంపానంటోంది, రాలేదు’ అని ఒకరు, ‘పంపినా తీసుకోలేదు’ అని ఇంకొకరు. మందు చిన్నది: ఆధార్ కార్డులో ఇంగ్లీషు అక్షరాలున్న భాగాన్ని దగ్గరగా ఫొటో తీసి ఆమె ఫోనుకు పంపండి, గుమస్తాకు చెప్పకుండా చూపించమనండి. రశీదు చేతికిచ్చాక కౌంటర్ దగ్గరే అక్షరం అక్షరం సరిచూసుకోమనండి.

మిగతా మూడు మార్కులు ఎందుకు పోయాయంటే, నోట్ల కట్ట ఎవరి చేతికొస్తే వాళ్ళదే పెత్తనం. ముప్పై మూడు వేలు జేబులో పెట్టుకుని అమలాపురంలో బండెక్కిన మనిషికి ఊరు చేరేలోగా దారిలో ఎన్ని బెల్టు షాపులు తగులుతాయో చెప్పక్కర్లేదు. ఇంటికి ఎంత చేరిందో చెప్పే కాగితం ఉండదు. అందుకే ఫోనులో అన్ని ప్రశ్నలు.

ఇక్కడి మామూలు బ్యాంకు ఖాతాలో జమ: ఎవరి పేరు మీద ఉందన్నదాన్నిబట్టి 2.5 నుంచి 3.5

ఎక్స్‌ఛేంజీకి మన దేశంలో ఏదో ఒక బ్యాంకులో రూపాయల ఖాతా ఉంటుంది. అందులోంచి మీ ఖాతాకు పంపుతారు. ఈ పద్ధతిలో నగదు చేతికివ్వడం నిషిద్ధం, ఖాతాలోనే పడాలి. ఇంటి ఖర్చులకు పంపేదానికి పైహద్దు లేదు. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ, సెలవురోజుల్లోనూ నడుస్తోంది కాబట్టి బ్యాంకు తెరిచే దాకా ఆగాల్సిన పని లేదు. ఎంత పడిందో మెసేజీలో, పాస్‌బుక్కులో అంకెలా కనబడుతుంది. ‘నువ్వు అంతే పంపావు’, ‘కాదు ఇంత పంపాను’ అన్న వాదన ఇక్కడితో చాలావరకు చస్తుంది.

చెడేది ఎక్కడంటే, మొదటిది బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్సీ కోడు. పదకొండు గుర్తులు, అందులో ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ‘ఓ’ అక్షరంగా కొట్టడం మామూలు పొరపాటు. డెల్టాలో దీనికి తోడు బ్యాంకుల విలీనాలు. బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సిండికేట్ బ్యాంకు అదే రోజున కెనరాలో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇక్కడ బోర్డు మారింది, పాస్‌బుక్కు మారింది. అక్కడ ఎక్స్‌ఛేంజీ కంప్యూటర్లో మాత్రం ఎప్పుడో ఎక్కించిన పాత కోడే ఉండిపోతుంది. పాత కోడుతో కొట్టింది వెనక్కి తిరిగిపోతే ఆమె మళ్ళీ కౌంటర్‌కు వెళ్ళి తెచ్చుకోవాలి. కట్టిన ఛార్జీ సాధారణంగా తిరిగి రాదు. కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో ఆమె దగ్గర ఉందో లేదో ఈ నెలే చూసుకోండి.

రెండోది జీరో ఖాతా. సరైన కాగితాలు లేకుండా, ఫొటో, వేలిముద్రతో తెరిచినవాటిని బ్యాంకు భాషలో చిన్న ఖాతాలంటారు. వాటిలో ఏడాదికి మొత్తం జమ లక్ష రూపాయలు దాటకూడదు, నిల్వ 50,000 మించకూడదు. పూర్తి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా విదేశీ డబ్బు వాటిలో పడకూడదు కూడా. నెలకు 33,600 అంటే మూడో నెలలోనే లక్ష దాటిపోతుంది. అమ్మమ్మ ఖాతా అలాంటిదేమో పాస్‌బుక్కు చూస్తే తెలియదు, కౌంటర్లో అడగాలి. ఆధార్, పాన్ ఇచ్చి కేవైసీ పూర్తి చేయిస్తే మామూలు ఖాతా అవుతుంది. పాన్ లేకపోతే, లేదని చెప్పే ఫారం రాసివ్వొచ్చు.

మూడోది మూతబడ్డ ఖాతా. రెండేళ్ళు వేయడం తీయడం లేకపోతే బ్యాంకు దాన్ని పక్కన పెట్టేస్తుంది. రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళిన తల్లి సొంత ఖాతాకు సరిగ్గా ఇదే జరుగుతుంది. దాని దెబ్బ ఎక్కడ తగిలిందంటే తల్లికి వందనంలో. 2025 జూన్‌లో పిల్లాడికి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం వేసింది. డబ్బు వెళ్ళేది ఆధార్‌కు ముడిపడిన ఖాతాకు. ఆ ఖాతా నిద్రపోతుంటే డబ్బు దానిలోకి దిగకపోవచ్చు. ఇంట్లో మాత్రం ‘పక్కింటివాళ్ళకు పడ్డాయి, నీకెందుకు పడలేదు, ఎక్కడ దాచావు’ అని ఫోను. తల్లి బయల్దేరే ముందు ఏ ఖాతాకు ఆధార్ ముడిపడి ఉందో బ్యాంకులో అడిగి తెలుసుకుని, అందులో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వంద రూపాయలు వేస్తూ తీస్తూ ఉండాలి.

నాలుగోది ఫోను నెంబరు. బ్యాంకు మెసేజీ వెళ్ళేది ఖాతాకు కట్టిన నెంబరుకే. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వదిలేస్తే ఆ సిమ్ము పోతుంది, కొన్నాళ్ళకు ఆ నెంబరు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకు వెళుతుంది. మీ బ్యాంకు మెసేజీలు వాళ్ళు చదువుకుంటారు. ఆమె ఇండియా సిమ్ముకు ఇక్కడినుంచే ఎవరో ఒకరు రీఛార్జి చేస్తూ ఉండాలి. నెలనెలా గుర్తు పెట్టుకోవడం కష్టమైతే ఏడాది ప్లాను వేయించేయండి. ఇంటి ఖర్చులన్నిటిలో వసూలయ్యే ఖర్చు అదే.

ఇక ఎవరి పేరు. భర్త ఒక్కడి పేరున ఉన్న ఖాతాకు పంపితే అది బ్యాంకు లెక్కలో అతని డబ్బే. ఆ తర్వాత ‘నా జీతం’ అని ఆమె ఎంత మొత్తుకున్నా బ్యాంకుకు సంబంధం లేదు. ఇద్దరి పేరున ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పెట్టుకుంటే ఇద్దరిలో ఎవరైనా మొత్తం తీయొచ్చు. ఆమె వేల కిలోమీటర్ల దూరాన ఉంటుంది, అతను ఏటీఎం పక్కవీధిలో ఉంటాడు. అమ్మమ్మ పేరున అయితే డబ్బు పిల్లల కంచంలోకి వస్తుందన్న భరోసా ఎక్కువ. కానీ పండగకు వచ్చిన అల్లుడు ‘మా ఆవిడ జీతం మీ చేతికా’ అని ముఖం మాడ్చుకుంటాడు. మేనమామ పేరున పెడితే ఇంకో రకం. చీటీ పాట కట్టాడనో, నూటికి రెండు రూపాయలకు ఎవరికో ఇచ్చాడనో ఏడాది తర్వాత బయటపడుతుంది. అతను మోసం చేద్దామనుకుని ఉండకపోవచ్చు. ఇంటి ఖర్చూ ఆమె దాచుకున్నదీ ఒకే ఖాతాలో ఉంటే ఎంతవరకు ముట్టుకోవచ్చో ఎవరికీ తెలియదు.

ఆమె పేరున ఎన్ఆర్ఈ ఖాతా, అక్కడినుంచి ఇంటికి నెలవారీ జమ: 5కి 4.5

గల్ఫ్ ఇంట్లో దీన్ని మించిన ఏర్పాటు లేదని గట్టిగానే చెబుతాం. వాడేవాళ్ళు తక్కువ. ఎన్ఆర్ఈ అంటే డాక్టర్లకూ అమెరికా వాళ్ళకూ అన్న అభిప్రాయం ఉంది. కొద్ది దినార్ల జీతపు ఖద్దామాకూ అదే హక్కు. అసలు ఉద్యోగం కోసం విదేశం వెళ్ళినవాళ్ళ పాత ఖాతాను ఎన్ఆర్ఓగా (ఇక్కడి రాబడి పడే ఖాతాగా) మార్పించుకోవాలన్నది విదేశీ మారక చట్టం ఫెమా నియమం. ఎన్ఆర్ఈ దానికి వేరు. బయటినుంచి వచ్చిన సంపాదన దీనిలో వేసుకోవచ్చు, దీని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, కావాలంటే డబ్బు మళ్ళీ బయటికి తీసుకెళ్ళొచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద మాత్రం పన్ను కోస్తారు.

తెరవడానికి తేలికైన వేళ సెలవుకు వచ్చినప్పుడు. పాస్‌పోర్టు, అకామా (అక్కడ ఉండే అనుమతి) తెలిసే పేజీ లేదా సివిల్ ఐడీ, అక్కడి చిరునామా ఆధారం, రెండు ఫొటోలు, పాన్ లేదా దానికి బదులిచ్చే ఫారం పట్టుకెళ్ళాలి. మండల కేంద్రంలోని చిన్న శాఖలో ‘మా దగ్గర కాదండీ’ అనే అవకాశం ఎక్కువ. అమలాపురం, పాలకొల్లు, భీమవరం లాంటి చోట పెద్ద శాఖకు వెళ్ళండి. కనీస నిల్వ ఎంతో బ్యాంకుకో రకంగా ఉంటుంది, సంతకం పెట్టే ముందే అడగండి.

ఇంట్లో ఒకరిని చేర్చాలనుకుంటే దగ్గర బంధువును ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో చేర్చొచ్చు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ‘ఫార్మర్’ అంటే మొదటి పేరు ఆమెది, ఆమె ఉన్నంతకాలం ఖాతా ఆమెది. బంధువు ఆమె రాసిచ్చిన అధికారం మేరకే, ఇక్కడి చెల్లింపులకే వాడాలి. నామినీ గడి ఖాళీగా వదలొద్దు.

తర్వాత స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. నెల ఐదో తేదీన ఇంత మొత్తం ఫలానా ఖాతాకు వెళ్ళాలని ఒక కాగితం రాసిస్తే ప్రతి నెలా దానంతటదే వెళుతుంది. 33,600లో ఇంటి ఖర్చుకు 11,000 అమ్మమ్మ ఖాతాకు, వీసా కోసం చేసిన అప్పుకు 12,000, ఫీజులకు 6,000 పక్కన, మిగిలిన 4,600 ఆమె పేరునే. ఈ అంకెలు మచ్చుకు. మీ ఇంటివి మీరు వేసుకోండి. వేసుకునేటప్పుడు ఇద్దరూ ఒక్కసారి కూర్చుని వేసుకోవాలి. ఆ ఒక్కసారి మాటామాటా వస్తే రానివ్వండి, నెలకోసారి ఫోనులో వచ్చేకంటే నయం. ఫీజు సొమ్ము స్కూలుకే నేరుగా బదిలీ చేసి, రశీదు ఫొటో పిల్లాడి చేతే అమ్మకు పంపించండి. ‘ఫీజు కట్టేశానమ్మా’ అన్న కబురు వాడి నోటి వెంట వెళుతుంది.

ఆమె వాటాను డిపాజిట్ వేస్తే ఎన్ఆర్ఈలో కనీసం ఏడాది ఉంచాలి, ఏడాదిలోపు తీస్తే వడ్డీ రాదు. అరమార్కు ఎందుకు తగ్గిందంటే కాగితాల తిప్పలకు, చిన్న శాఖల్లో తెలియనితనానికి. ఇంకోటి బ్యాంకు తప్పు కాదు గానీ చెప్పాలి. ఇంత చేసి ఏటీఎం కార్డూ పిన్నూ తమ్ముడికిచ్చి విమానం ఎక్కితే ఏమీ చేయనట్టే. కార్డు ఆమె పెట్టెలోనే కువైట్ వెళ్ళాలి.

కువైట్ ఎక్స్‌ఛేంజీల దగ్గర మనవాళ్ళతో పాటే వరసలో కనబడే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళ పిల్లలూ మన పిల్లల్లాగే అమ్మమ్మల దగ్గరో పిన్నుల దగ్గరో పెరుగుతారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ ‘లోలా’. వాళ్ళ దేశం ఈ డబ్బు గొడవను కొంతవరకు కాగితం మీదే తేల్చిపెట్టింది. ఓడల్లో పనిచేసే ఫిలిప్పీనోల ప్రామాణిక ఒప్పందంలో మూలవేతనంలో కనీసం 80 శాతం నెలకోసారి బ్యాంకు ద్వారా పనిచేసేవాళ్ళు ఎంచిన మనిషికి వెళ్ళాలని ఉంటుంది. విమానం ఎక్కే ముందు అక్కడ అందరూ ఒక శిక్షణ తరగతికి హాజరు కావాలి. సంక్షేమ సంస్థ ఓవా సభ్యత్వం 25 డాలర్లు. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 400 డాలర్ల కనీస జీతం అని 2006లోనే ఆ ప్రభుత్వం పట్టుబట్టింది. వాటివల్ల అక్కడి ఇళ్ళలో కన్నీళ్ళు లేవని కాదు. కానీ ఇంటి వాటా ఎంత అన్నది నెలనెలా ఫోనులో బతిమాలి తేల్చుకునే విషయం కాకుండా ముందే రాసుకునే విషయం అయింది. మనకు అలాంటి ఒప్పందం లేదు. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ కాగితం మనం సొంతంగా రాసుకునే ఆ ఒప్పందమే. 80 శాతం మాత్రం కాపీ కొట్టొద్దు. పంపినావిడ చేతిలో ఏమీ మిగలకపోతే జ్వరమొచ్చినా, టికెట్టు కొనాలన్నా మళ్ళీ అప్పే.

ఫోను యాప్‌లు: కొందరికే

ఎక్స్‌ఛేంజీల యాప్‌లో పంపితే శుక్రవారం దాకా ఆగక్కర్లేదు, వరసలో నిలబడక్కర్లేదు. కానీ అక్కడి బ్యాంకు కార్డు కావాలి. జీతం నోట్లుగా చేతికిచ్చే ఇంట్లో పనిచేసేవాళ్ళకు ఆ కార్డు ఉండదు. డ్రైవరుకు దినార్లు ఇచ్చి అతని యాప్‌లోంచి పంపించుకోవడం కనబడుతుంది. అప్పుడు రశీదు మీద పంపినవాడి పేరు అతనిది అవుతుంది. ఇంట్లో ఆ పేరు చూసి పుట్టే అనుమానాలు వేరే. ఎంత ఆలస్యమైనా తన సివిల్ ఐడీతో తనే పంపడం మేలు.

మన యూపీఐని విదేశీ నెంబరుతో వాడుకునే వీలు 2023 జనవరిలో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు ఇచ్చారు. మొదటి జాబితాలోని పది దేశాల్లో ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ ఉన్నాయి, కువైట్ లేదు. మస్కట్‌లో ఉన్న తల్లి తన ఖాతాలోంచి పిల్లాడి పుస్తకాల కొట్టుకు నేరుగా కొట్టగలిగే వీలు అలా వచ్చింది. కువైట్‌లో ఉన్నావిడకు మళ్ళీ ఇండియా సిమ్మే దిక్కు.

హుండీ: సున్నా

బ్యాంకు లేకుండా చేతులు మార్చి డబ్బు దాటించే దారి ఇది. ‘ఛార్జీ లేదు, రేటు ఎక్కువ, సాయంత్రానికి ఇంటికి తెచ్చిస్తారు’ అంటారు. ఫెమా ఉల్లంఘన, చిక్కితే మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా. దానికంటే ముందు ఇంటి కోణం చూడండి. రశీదు లేదు, మెసేజీ లేదు, తెచ్చినవాడి మాటే లెక్క. బ్యాంకులో వేస్తే పన్ను పడుతుందన్న భయంతో చాలామంది ఇటు వెళుతుంటారు. భార్య భర్తకు, కూతురు తల్లికి పంపినదాని మీద అందుకున్నవాళ్ళకు పన్ను లేదు.

కార్గో పెట్టె గురించి రెండు ముక్కలు

డబ్బు గొడవ పడలేక వస్తువులు పంపుదామనుకునేవాళ్ళున్నారు. ఫిలిప్పీన్స్ వాళ్ళకు ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. 2016 చట్టంతో బలిక్‌బయన్ పెట్టెలు (విదేశంలో ఉన్నవాళ్ళు ఇంటికి పంపే కానుకల పెట్టెలు) ఏడాదికి మూడుసార్లు, మొత్తం లక్షా యాభై వేల పెసోల విలువ వరకు, సుంకం లేకుండా ఇంటికి చేరతాయి. అందుకే పాలపొడి, సబ్బులు, బూట్లు సర్ది నెలలతరబడి పెట్టె నింపుతారు. మనకు ఆ హక్కు లేదు. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో కానుక పేరుతో వచ్చేవాటికి రాఖీకీ ప్రాణం నిలబెట్టే మందులకూ తప్ప మినహాయింపు పోయింది. దుప్పట్లూ పాలపొడీ పంపి కిలోల లెక్కన కార్గో కట్టేకంటే, అదే డబ్బు పిల్లాడి పుట్టినరోజున ఖాతాలో వేసి, వాడు రాజోలు కొట్లో చొక్కా ఎంచుకుంటుంటే వీడియోలో చూడడం చవక. చొక్కా కొలతా సరిపోతుంది.

తిరిగొచ్చేశాక

కాంట్రాక్టు ముగించుకుని పూర్తిగా వచ్చేసిన రోజున ఎన్ఆర్ఈ ఖాతా కథ ముగిసినట్టే. బ్యాంకుకు చెప్పి దాన్ని మామూలు ఖాతాగా మార్పించాలి. వేసిన డిపాజిట్ గడువు దాకా ఉంచుకోవచ్చు గానీ పన్ను లేని వడ్డీ అన్న సదుపాయం వచ్చేసినవాళ్ళకు ఉండదు. అదే కౌంటర్లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రద్దు కాగితం కూడా ఇవ్వండి. ఇవ్వడం మరచిపోతే జీతం ఆగినా ఐదో తేదీ డబ్బు వెళుతూనే ఉంటుంది, నిల్వ చాలని నెలనుంచి బ్యాంకు ఛార్జీలు మొదలవుతాయి.